లోపలి నుంచి తెరుచుకునే మూత

మేడ మీది వాటా,
సోమవారం

మామయ్యగారికి నమస్కారాలు.

ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది. మీకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. కోత మిల్లు రెండు చెవులూ తినేసిందని మీరే అంటుంటారుగా. అందుకే ఈ ఉత్తరం. పైగా నాకు కావలసింది బొమ్మ గీసి చూపిస్తే తప్ప అర్థమయ్యేది కాదు.

మేం మారిన ఈ ఇల్లు మీరింకా చూడలేదు. పాత మేడ. కింద వాటాలో ఒక టైలరమ్మ ఉంటారు, పైన మేము. మా గదుల్లో నేలంతా చెక్క పలకలే. నడుస్తుంటే ఒకటి మూలుగుతుంది, ఒకటి కిర్రుమంటుంది. మీరొస్తే ఒక్కోదాని నాడి పట్టుకుని కూర్చుంటారు, అన్నం కూడా అడగరు.

సంగతేమిటంటే, ఆ పలకల కింద నాకో అర కావాలి. పైనుంచి చూసేవాళ్లకి అక్కడ అర ఉందని తెలియకూడదు. నా వాచీ రిపేరు సామాను అందులో పెట్టుకుంటాను. పాప చేతులు ఊరుకోవు, మొన్న ఒక స్ప్రింగు మింగబోయింది. మనిషిని పెట్టి చేయించడం నాకిష్టం లేదు. నేనే చేస్తాను. వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగులు సరిచేసేదాన్ని, పలక కోయలేనా?

మీ అబ్బాయికి చెప్పకండి. అంతా అయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామని. జవాబు టైలరమ్మ పేరున రాయండి. మా పోస్టు డబ్బా తలుపు సరిగా పడదు.

మీ కోడలు


వడ్రంగి షెడ్డు,
గురువారం పొద్దున

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటి దొంగకి పాఠాలు చెప్పిన మామగారిని మాత్రం ఎవరో ఒకరు పట్టుకుంటారు. కానీ ఎంత కాలమైందమ్మా, నన్నొకరు పని అడిగి! ఇప్పుడందరూ రేకు బీరువాలూ ప్లాస్టిక్ కుర్చీలూ కొనుక్కుంటున్నారు. నా ఉలికి నా వీపు గోకడం తప్ప వేరే పని లేదు.

జాగ్రత్తగా చదువు. ముందు మేకుల్ని చూడు. పలకల మీద మేకులు ఎక్కడ కనిపిస్తే అక్కడ కింద దూలం ఉంటుంది. ఒక దూలానికీ పక్క దూలానికీ మధ్య మూరెడు ఖాళీ ఉంటుంది. నీ అర ఆ ఖాళీలోనే. మేకులు ఊడబీకి పలకను పైకి తియ్యి. కోసేటప్పుడు దూలం నడిమధ్యన కొయ్యి, అప్పుడే కోసిన కొస దూలం మీద ఆనుకుంటుంది. దూలం దాటి కోశావో, మూత మీద కాలేసినవాడు నేరుగా మీ టైలరమ్మ ఒళ్లో పడతాడు. మూడు పలకలు పక్కపక్కనే కోసి, అడుగున అడ్డబద్దలు కొట్టి కలుపు. అదే నీ మూత. పెట్టెను దూలాల పక్కలకి బిగించు, కింది గది కప్పు మీద బరువు పడనీయకు.

ఇక అసలు కిటుకు. పాత మేకుల్ని పొట్టిగా తుంచి తలల్ని మళ్లీ మూతలోకి దిగ్గొట్టు. చూసేవాడికి మేకు కొట్టినట్టే ఉంటుంది, అది దేన్నీ పట్టుకోదు. ఎక్కడ కొట్టాలో బొమ్మలో చుక్కలు పెట్టాను. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. రెండూ ఒకే గీత మీద పడితే చెక్క నెర్రె ఇస్తుంది. కోసిన అంచు తెల్లగా కనబడుతుంది, దానికి టీ డికాషన్ పట్టించు. పైన చాప మాత్రం వేయకు. చాప వేస్తే చూసేవాడి కన్ను చాప మీదకే పోతుంది.

వాడికి చెప్పనులే. చిన్నప్పుడు నా పక్కన కూర్చుని మేకులు అందించినవాడు, ఇప్పుడు బస్సు డిపోలో పెద్ద సూపర్‌వైజరు. మేకుల సంగతి వాడికేం పట్టింది? బుడ్డిదాన్ని ముద్దాడానని చెప్పు.

మామయ్య

మరిచాను. టైలరమ్మ పేరున ఎందుకు? పోస్టు డబ్బా తలుపు పడకపోతే, దాన్ని సరిచేసే ఉపాయం కూడా నన్నే అడిగితే సరిపోయేదిగా.


టైలరమ్మ మిషను పక్కన,
శనివారం

మామయ్యగారికి,

అయింది! మూత వేసి దాని మీద నిలబడ్డాను, గెంతాను, కిందకి పోలేదు. రంపం పట్టి నా చేతులు బొబ్బలెక్కాయి. మీ చుక్కల ప్రకారమే మేకు తలలు కొట్టాను. తెరవాలంటే వాచీ వెనక మూత తీసే చిన్న కత్తి సందులో పెట్టి లేపితే చాలు. మీరు చెప్పనిది ఒకటి నేనే కనిపెట్టాను. మిగతా పలకల సందుల్లో ఏళ్ల దుమ్ము పేరుకుని ఉంది, నా మూత చుట్టూ మాత్రం శుభ్రంగా, కడిగిన ముఖంలా ఉంది. చీపురుతో దుమ్ము ఊడ్చి తెచ్చి ఆ సందుల్లో కూరాను. ఇల్లు మురికి చేయడానికి కష్టపడిన ఇల్లాలిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోస్తుంటే పొట్టు కప్పు సందుల్లోంచి టైలరమ్మ కుడుతున్న బట్ట మీద పడిందట. ఆవిడ పైకి వచ్చారు. ఆవిడ పలక వైపూ నా వైపూ చూశారు. పలక రెండో కొస పట్టుకుని, "కానివ్వు తల్లీ, ఆయనొచ్చే వేళవుతుంది," అన్నారు. కింద ఉంటారు కదా, ఆవిడకి పైన జరిగేవన్నీ వినపడతాయి.

లెన్సు, పట్టకార్లు, నూనె బుడ్డి, చిన్న లేతు అన్నీ ఇప్పుడు లోపల ఉన్నాయి. పోయిన నెల ఎవరో రిపేరుకిచ్చిన గోడ గడియారం కూడా అందులో పట్టేదే, కానీ అది కింద పడింది. అంటే, పడేశారు. ఆ సంగతి వదిలేయండి.

ఒక చిక్కు మిగిలింది. మూత మీద అడుగేస్తే చప్పుడు డొల్లగా వస్తోంది. బూట్లతో నడిస్తే ఇంకా తెలుస్తోంది. దానికేం చేయాలి? తొందరగా రాయండి.

మీ కోడలు


వడ్రంగి షెడ్డు,
మంగళవారం

అమ్మాయికి,

డొల్ల చప్పుడు పోవాలంటే మూత అడుగున పాత కంబళి ముక్క రెండు పొరలుగా అంటించు. పెట్టె పక్కల్లో పొట్టు నింపిన గుడ్డ సంచులు దూర్చు. దుమ్ము కూరిన తెలివికి మాత్రం నీకు వందకి వంద మార్కులు. ఆ ఆలోచన నాకే రాలేదు.

"పడేశారు" అని రాసి ఊరుకున్నావు. ఎవరు పడేశారో నన్నే ఊహించుకోమన్నావు. కాకి పిల్ల కాకికి ముద్దని నువ్వనుకున్నా సరే, నేను చెప్పేది చెబుతాను. వాడి కోపం గడ్డిమంట. భగ్గుమంటుంది, అంతలోనే ఆరిపోతుంది. మనసు వెన్న. తల్లి లేని పిల్లాడని నేనే ముద్దు చేశాను. నువ్వు కాస్త చూసీ చూడనట్టు పోవాలి. డిపోలో వాడి మీద ఎన్ని ఒత్తిళ్లో మనకేం తెలుసు?

మొన్న ఆదివారం వచ్చాడు. నా చెవిలో నోరు పెట్టి జోకులు చెప్పాడు, నా రంపాలకి నూనె రాశాడు, బుడ్డిదాని ఆటలు చేసి చూపించాడు. వెళ్లబోతూ మాటవరసకి అన్నట్టు అడిగాడు. "నాన్నా, చెక్క నేల ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఎందుకు మోగుతుంది?" అని. చెక్క ఆరేకొద్దీ అలాగే మోగుతుందిరా అన్నాను. అది అబద్ధం కాదు. కానీ చెక్క గురించి ఎవరడిగినా నేనింతవరకు అలా సగం చెప్పి ఊరుకోలేదు.

వాడి మెటికల మీద తోలు లేచిపోయి ఉంది. అడిగితే బస్సు తలుపు తగిలిందన్నాడు. బస్సు తలుపేనా?

మామయ్య


టైలరమ్మ గది,
బుధవారం

మామయ్యగారికి,

కంబళి అంటించాను. చప్పుడు తగ్గింది.

ఇంకో అర కావాలి. వెడల్పు అదే మూరెడు, దూలాల మధ్య ఉన్నదే. లోతు జానెడున్నర. పొడవు మాత్రం రెండున్నర మూరలు. అడుగున మెత్తటి గుడ్డ పరుస్తాను. లోపల గాలి ఆడాలి, ఆ రంధ్రాలు పైకి కనబడకూడదు. మూత పైనుంచి కాదు, లోపలి నుంచి తెరుచుకోవాలి. తేలిగ్గా ఉండాలి, కొద్ది బలంతో తోసినా లేవాలి.

బొమ్మ గీసి పంపండి. మీరు చెప్పినట్టు చూసీ చూడనట్టే పోతున్నాను.

మీ కోడలు


వడ్రంగి షెడ్డు,
శుక్రవారం

అమ్మా,

నీ కొలతలు షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీశాను. ముందు గీసి, తర్వాత ఆలోచించడం నా అలవాటు. గీశాక పక్కనే కూలబడ్డాను. టీ తెచ్చిన అమ్మాయి, "ఏంటి తాతా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వెళ్లింది.

జీవితమంతా కొలతలతో బతికినవాణ్ని. కొలత చూస్తే అందులో ఏం పెడతారో నాకు తెలిసిపోతుంది. ఇది సామాను పెట్టుకునే అర కాదు. సామానుకి గాలి అక్కర్లేదు. సామాను మూత తోసుకుని బయటకి రాదు.

ఇది బుడ్డిదాని కొలత.

నేను గీయను. నువ్వు కోప్పడినా, ఏడ్చినా గీయను. ఏం జరుగుతోందో దాచకుండా రాయి. పోయినసారి నేను రాసిన సుద్దులన్నీ చింపి పొయ్యిలో పెట్టు.

మామయ్య


టైలరమ్మ గది,
సోమవారం

మామయ్యగారికి,

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ దాచాను. అందులోనూ మీకెలా చెప్పను? మీరు ఆయన్ని కన్నవాళ్లు. మీ ఉత్తరం టైలరమ్మ నా చేతికిస్తే ఇక్కడే కూర్చుని చదివాను. చదివి, ఆవిడ కుట్టాల్సిన బట్టలో ముఖం దాచుకుని ఏడ్చాను.

నేను వాచీల పని చేయడం ఆయనకి ఇష్టం లేదు. "నా ఇంట్లో రిపేరు షాపు పెడతావా?" అంటారు. మానేశానని చెప్పి దొంగచాటుగా చేస్తున్నాను. తెలిసిన రోజున గోడ గడియారం ఒక్కటే పగలలేదు. నా ఎడమ చేతి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. తర్వాత ఏడుస్తారు. నా కాళ్లు పట్టుకుని ఏడుస్తారు. అదీ నిజమే, నాటకం కాదు. మీరు గడ్డిమంట అన్నారు. గడ్డిమంటైనా మేముండేది చెక్క ఇంట్లో కదండీ.

పాప మీద ఇంతవరకు చెయ్యి పడలేదు. కానీ మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినగానే అది ఆట ఆపేస్తుంది. ఆ చప్పుడు వినే ఆయన ఏ మూడ్‌లో ఉన్నారో చెప్పేస్తుంది. నాకన్నా ముందే చెబుతుంది. మంచం కింద దూరేది. ఒకరోజు ఆయన దాని కాలు పట్టుకుని బయటకి లాగారు. "ఎందుకే దాక్కుంటావ్? నేనేమన్నా రాక్షసుణ్నా?" అని అరిచారు. అది కళ్లు మూసుకుని, "కాదు నాన్నా, కాదు నాన్నా," అంటూనే ఉంది.

పోయిన వారం నేను నీళ్లు పట్టుకుని వచ్చేసరికి అర మూత తీసి ఉంది. నా సామానంతా గోడ పక్కన వరసగా, బుద్ధిగా పేర్చి ఉంది. పాప అరలో వెల్లకిలా పడుకుని ఉంది, మోకాళ్లు మడుచుకుని. నన్ను చూసి నవ్వింది. "అమ్మా, తల పడుతోంది గానీ కాళ్లు పట్టట్లేదు. కొంచెం పెద్దది చేయించు. తాతయ్యని అడుగు," అంది.

టేపు తీసుకుని కొలిచాను మామయ్యగారూ. కన్నకూతుర్ని నిలబెట్టి, నేల కింద పెట్టడానికి కొలిచాను. అది మడమలు ఎత్తకుండా, కదలకుండా నిలబడింది. తప్పు కొలత వస్తుందేమోనని దాని భయం.

మీరు గీయకపోతే నేనే ఎలాగోలా కోస్తాను. నాకింకేం దారి తోచడం లేదు.

మీ కోడలు


వడ్రంగి షెడ్డు,
గురువారం పొద్దున, మొదటి బస్సు వచ్చి వెళ్లాక

అమ్మాయీ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. కలప లారీ డ్రైవరు తెస్తాడు. నా పాత నేస్తం. లారీ ఖాళీగా వస్తోంది. చదువుతూనే లేచి పాపకి చెప్పులు తొడుగు.

వాడికి తెలిసిపోయింది. తప్పు నాదే. నిన్న చొక్కా గుండీ పడిపోతే వెతకడానికి నేల మీద వంగాడట. మీ ఇంట్లో మేకులన్నీ జంటగా ఒకే గీత మీద ఉంటాయట. ఒక్క మూడు పలకల మీద మాత్రం ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అలా కొట్టేది నేనొక్కణ్నే. వాడు ఐదేళ్లప్పటి నుంచి ఆ మేకులు నాకందించాడు. నీ ఇంట్లో మిగతా మేకులు ఎలా ఉన్నాయని అడగాలని నాకు తోచలేదు. చెయ్యి అలవాటున చుక్కలు పెట్టేసింది. మేకుల సంగతి వాడికేం పట్టిందని నీకు రాశాను కూడా. ముసలి వెధవని.

మూత తెరవలేదట. పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి, "నాన్నా, నా ఇంట్లో నీ మేకులెందుకున్నాయి?" అన్నాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. తర్వాత అరిచిన అరుపులు నాకు వినపడలేదు. ఈ చెవుడు మొదటిసారి పనికొచ్చింది. అరిచి అలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు నేల మీది సుద్ద గీతలు చూపించాను. చెరపలేదు వాటిని, చెయ్యి రాలేదు. "ఇందులో ఏం పడుతుందో చెప్పరా," అన్నాను. చూశాడు. "ట్రంకు పెట్టెనా?" అన్నాడు. "నీ కూతురు," అన్నాను. "నువ్వొచ్చినప్పుడు దాక్కోవడానికి దానికి చోటు కావాలట. అదే అడిగింది."

కుర్చీలో కూలబడ్డాడు. కరిగాడనుకున్నాను. తలెత్తి ఏమన్నాడో తెలుసా? "ఎవరు చెప్పారు నీకు? నా పెళ్లామేనా? నా మీద నీకు చాడీలు చెప్పిందా?" పిల్ల ఎలా ఉందని అడగలేదమ్మా. అది భయపడుతోందా అని అడగలేదు. ఎవరు చెప్పారని అడిగాడు. బల్ల మీదున్న నా చిత్రిక తీసి గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత ఏడ్చాడు. నా మోకాళ్లలో తల పెట్టి ఏడ్చాడు, చిన్నప్పటిలాగే. నేనూ ఏడ్చాను. వాడి తల నిమిరాను. అందుకే చెబుతున్నాను, ఆ ఏడుపు చూసి నువ్వు కరగొద్దు. నేను కరిగిపోయాను.

ఇప్పుడు ముందు గదిలో పడుకున్నాడు. డిపోకి కబురు పంపి నాలుగు రోజులు ఇక్కడే ఉండమంటాను. ఉంటాడని నమ్మకం లేదు. సాయంత్రం బస్సుకి లేచి బయల్దేరితే ఆపే బలం నా దగ్గర లేదు. గుమ్మానికి అడ్డం పడుకోగలను, అంతే. వాడు వచ్చేసరికి ఆ ఇంట్లో మీరిద్దరూ ఉండకూడదు.

డ్రైవరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి తీసుకెళతాడు. నీకు వాచీల పని నేర్పినావిడ ఉన్నారని ఎప్పుడో అన్నావుగా, వాళ్లింటికో, ఇంకెక్కడికో. నీ సామాను తీసుకెళ్లు, ఒక్క పట్టకారు కూడా వదలకు. ఎక్కడికి వెళ్లావో డ్రైవరు నాకు చెప్పడు, చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నువ్వూ నాకు రాయకు. నాకు తెలిస్తే వాడు అడుగుతాడు. తండ్రిని, ఏదో ఒక పూట వాడి ముఖం చూసి చెప్పేస్తాను. నన్ను నేను నమ్మలేను.

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా బతుకు. వాణ్ని వదల్లేను. వాడు నా కొడుకు, వాడి సంగతి నేను చూసుకోవాలి. నువ్వు చూడాల్సింది బుడ్డిదాన్ని. దాన్ని ఇక నేను చూడలేనేమో. డ్రైవరు హారన్ కొడుతున్నాడు కాబోలు, చెయ్యి ఊపుతున్నాడు. ఇక్కడితో ఆపుతాను.

పాపకి చెప్పు, తాతయ్య దానికి పెట్టె చేయనన్నాడని. ఎప్పటికీ చేయడని.

మామయ్య


చోటు రాయడం లేదు.
ఆదివారం మధ్యాహ్నం

మామయ్యగారికి నమస్కారాలు.

ఇది టైలరమ్మ ద్వారా పంపుతున్నాను. ఆవిడ కవరు మార్చి మీకు పోస్టు చేస్తారు. ఇన్నాళ్లూ రాయనందుకు క్షమించండి. ఆయన వచ్చి తలుపులు బాదారనీ, నన్నెక్కడ దాచావని ఆవిడ మీద అరిచారనీ తెలిసింది. ఆవిడ కత్తెర చేతిలోంచి దించకుండానే, "తెలియదు బాబూ," అన్నారట. తర్వాత ఆయన పలకలన్నీ పీకేశారట. మూత కింద ఏమీ దొరకలేదు. మళ్లీ మీ దగ్గరికే వచ్చారని విన్నాను. ఆయన ఎలా ఉన్నారని అడగను. మీరెలా ఉన్నారు? వేళకి తింటున్నారా? మీ మీద చెయ్యెత్తితే మాత్రం ఊరుకోకండి. ముఖ్యంగా ఏడ్చాక ఊరుకోకండి.

నాకు ఇక్కడ పని దొరికింది. కిటికీ పక్కన, వెలుతురులో, అందరూ చూస్తుండగా కూర్చుని చేస్తున్నాను. మొదట్లో ఎవరి అడుగు వినపడినా సామాను దాచడానికి చెయ్యి నేల మీదకి పోయేది. ఇప్పుడు కొంచెం తగ్గింది.

ఇక్కడ నేల రాతిది. వచ్చిన రోజు పాప గదులన్నీ తిరిగి పిడికిలితో నేలంతా తట్టి చూసింది. ఎక్కడ తట్టినా ఒకటే చప్పుడు. నా దగ్గరికి వచ్చి, "ఇక్కడ నేను పట్టే చోటు లేదమ్మా," అంది. తాతయ్య చేయనన్నాడని చెప్పాను. అలిగింది. "తాతయ్యకి పని రాదు," అంది. చాలా రోజులు గోడ వారగా, దుప్పటి తల మీదకి లాక్కుని, మోకాళ్లు మడుచుకునే పడుకుంది.

ఇవాళ భోజనమయ్యాక పనిలో పడి దాన్ని గమనించలేదు. లేచి చూస్తే గది నడిమధ్యన, దుప్పటి లేకుండా, కాళ్లూ చేతులూ నాలుగు వైపులా చాపుకుని నిద్రపోతోంది. నోరు తెరుచుకుని గురక కూడా పెడుతోంది. నేను అవతలికి వెళ్లాలంటే దాన్ని దాటాలి. దాటబుద్ధి కాక, దాని పక్కనే కూర్చుని మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కోడలు